తకానా కొండ మీద గీసిన గీత



ఈ పేజీలో మనం మామూలుగా రాసుకునేవి మన సంగతులే. ఏ నాయకరాజుల కాలంలో ఇటు వచ్చాం, ఏ గుడి శాసనంలో మన మాట ఉంది, ఏ బడిలో తెలుగు సెక్షను ఎత్తేశారు, ఇట్లాంటివి. ఈసారి చాలా దూరం పోదాం. మెక్సికోకూ గ్వాటెమాలాకూ మధ్య ఉన్న తకానా అనే అగ్నిపర్వతం దాకా. తెలుగువాళ్లతో ఆ కొండకు ఏ సంబంధమూ లేదు. అయినా దాని చరిత్ర చదువుతుంటే మనం చాలా చోట్ల ఆగిపోతాం. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు కొండ సంగతి. తకానా ఎత్తు 4,000 మీటర్లకు పైమాటే. మనవాళ్లలో చాలామంది చూసిన పెద్ద కొండ నీలగిరుల్లోని దొడ్డబెట్ట, 2,637 మీటర్లు. దొడ్డబెట్ట మీద ఇంకో సగం దొడ్డబెట్టను ఎక్కించినా తకానా శిఖరం అందదు. మధ్య అమెరికాలో దీనికంటే ఎత్తైనది ఒక్కటే, పక్కనే ఉన్న తహుముల్కో. అదీ అగ్నిపర్వతమే. పసిఫిక్ సముద్రం అడుగున ఉన్న భూఫలకం ఖండం కిందికి దూరుతూ ఉండటం వల్ల ఆ తీరం పొడుగునా ఇట్లా నిప్పుకొండలు వరుసగా లేచాయి. తకానా అడుగున, తీరం వైపు, కోకో తోటలు. కొంచెం పైకెక్కితే కాఫీ. ఇంకా పైకి పోతే మబ్బులు తగిలే అడవి, ఓక్, పైన్ చెట్లు. ఆ పైన చలిలో బంగాళాదుంప, గొర్రెల మందలు. మెక్సికో వైపు చియాపస్ రాష్ట్రంలోని సొకొనుస్కో ప్రాంతం, తపచూలా పట్నం, ఉనియోన్ హువారెస్ ఊరు. గ్వాటెమాలా వైపు శాన్ మార్కోస్ జిల్లా, సిబినాల్, తకానా ఊళ్లు.

ఈ కొండకు రెండు వైపులా ఉన్న జనం మామ్‌లు. పేరు వినగానే మన ‘మామ’ గుర్తొస్తే తప్పు లేదు. మాయా భాషల్లో ఆ మాటకు తాత, పూర్వీకుడు అని అర్థం. మామ్ అనేది మాయా కుటుంబంలోని ఒక పెద్ద భాష. గ్వాటెమాలాలో ఇప్పటికీ 5 లక్షల మందికి పైగా మాట్లాడతారు. మెక్సికోలో 2020 జనాభా లెక్కల ప్రకారం సుమారు 11 వేల మంది. ఒకే కొండ, ఒకే జనం, ఒకే భాష. ఒక వైపు లక్షలు, ఇంకో వైపు వేలు. ఈ తేడా ఎట్లా వచ్చిందన్నదే ఈ వ్యాసం.

పాత కాలం సంగతి త్వరగా చెప్పేస్తాం. కొండ అడుగున తపచూలా దగ్గర ఇసాపా అనే ప్రాచీన పట్టణం ఉంది. రెండు వేల ఏళ్ల కిందటిది, ఇంకా ముందుది కూడా. చెక్కిన శిలాఫలకాలకు పేరుపొందిన చోటు. ఆ పట్టణాన్ని తకానా వైపు చూసేట్టు కట్టారు. మామ్‌లే కట్టారని మనం తొందరపడి అనకూడదు. మిహే-సోకె అనే వేరే భాషా కుటుంబం వాళ్లు కట్టి ఉంటారని ఎక్కువమంది పండితుల మాట. సుమారు రెండు వేల ఏళ్ల కిందట తకానా సముదాయంలోని ఒక శిఖరం పేలి, బూడిదా బురదా ఆ మైదానం మీదికి వచ్చాయని భూగర్భ శాస్త్రజ్ఞులు తేల్చారు. తర్వాత 15వ శతాబ్దం చివర్లో అజ్టెక్‌లు సొకొనుస్కోను గెలిచి కోకో గింజలు కప్పంగా పట్టుకుపోయారు. 1525లో స్పెయిన్ వాళ్లు మామ్‌ల కోట సాకులేవును ముట్టడించి లొంగదీసుకున్నారు. అక్కడి నుంచి దాదాపు 300 ఏళ్లు చియాపస్, సొకొనుస్కో, గ్వాటెమాలా అన్నీ దాదాపుగా ఒకే పాలన కింద, గ్వాటెమాలా నుంచి నడిచాయి. కొండకు ఆ వైపు, ఈ వైపు అనే మాటే లేదు. పైన చలిలో ఉండేవాళ్లు దుంపలూ ఉన్నీ పట్టుకుని కిందికి దిగేవాళ్లు, కింది నుంచి ఉప్పూ కోకో తీసుకుని ఎక్కేవాళ్లు.

1821లో స్పెయిన్ పోయింది. 1824లో చియాపస్ మెక్సికోలో చేరింది. సొకొనుస్కో ఎటూ కాకుండా 18 ఏళ్లు మధ్యలో ఉండిపోయింది. 1842లో మెక్సికో అధ్యక్షుడు సాంతా అనా సైన్యాన్ని పంపి దాన్ని కలుపుకున్నాడు. గ్వాటెమాలా ఒప్పుకోలేదు. అట్లా 40 ఏళ్లు తగాదా నడిచింది. తగాదా ఉన్నన్నాళ్లూ గీత లేదు. గీత లేనన్నాళ్లూ మామ్‌లకు ఇబ్బందీ లేదు.

గీతకు కారణం కాఫీ. 1871లో గ్వాటెమాలాలో ఉదారవాదులమని చెప్పుకునే వర్గం గెలిచింది. 1873 నుంచి హుస్తో రుఫీనో బార్రియోస్ అధ్యక్షుడు. ఆయన పుట్టింది ఈ శాన్ మార్కోస్ ప్రాంతంలోనే. కాఫీ ఎగుమతితోనే దేశం బాగుపడుతుందని ఆయన నమ్మకం. కాఫీకి భూమి కావాలి, కూలీలు కావాలి. రెండూ ఉన్నది మాయా ఊళ్లలో. 1877లో వచ్చిన చట్టాలతో ఊరుమ్మడి భూములు ప్రైవేటు చేతుల్లోకి పోయే దారి పడింది. అదే ఏడాది వచ్చిన కూలీల నిబంధనలతో అధికారులే ఊళ్ల నుంచి మనుషులను పట్టి తోటలకు పంపే పద్ధతి గట్టిపడింది. ఉదారవాదం అంటే ఇదా అని మనకు అనిపిస్తుంది. ఎవరి పట్ల ఉదారం అన్నది వేరే ప్రశ్న.

అవతలి వైపు కూడా కాఫీ మనిషే ఉన్నాడు. మతియాస్ రొమేరో మెక్సికోలో ఆర్థికమంత్రిగా చేసినవాడు. 1870లలో సొకొనుస్కోకు వచ్చి కాఫీ తోట పెట్టాడు. బార్రియోస్‌తో మొదట స్నేహం, తర్వాత తగువు. తన తోటను తగలబెట్టించింది బార్రియోసేనని రొమేరో కోపం. 1882లో ఇదే రొమేరో వాషింగ్టన్‌లో మెక్సికో రాయబారి. బార్రియోస్ సరిహద్దు తగాదాను అమెరికా మధ్యవర్తిత్వంతో తేల్చుకుందామని స్వయంగా అక్కడికి వెళ్లాడు. ఆగస్టు 12న న్యూయార్క్‌లో ప్రాథమిక ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. చియాపస్, సొకొనుస్కోల మీద హక్కును గ్వాటెమాలా వదులుకుంది. ఇద్దరు కాఫీ తోటల యజమానులు, కొండకు వేల మైళ్ల దూరంలో కూర్చుని, ఆ కొండ ఎవరిదో తేల్చారు.

పూర్తి ఒప్పందం 1882 సెప్టెంబర్ 27న మెక్సికో నగరంలో జరిగింది. దాని మూడో అధికరణాన్ని తీరిగ్గా చదవాలి. సరిహద్దు పసిఫిక్ సముద్రంలో, సుచియాతె నది ముఖానికి 3 లీగుల దూరంలో మొదలవుతుంది. అక్కడి నుంచి నదిలో అన్నిటికన్నా లోతైన పాయ వెంట పైకి వస్తుంది. ఎక్కడి దాకా? ఒక నిట్టనిలువు తలం నదిని కోసే చోటు దాకా. ఏమిటా తలం? ఒక పెద్ద గాజు పలకను నేల మీద నిలబెట్టినట్టు ఊహించుకోండి. ఆ పలక తకానా అగ్నిపర్వతం అత్యున్నత బిందువు గుండా పోవాలి. అట్లాగే తాల్కియాన్ అనే చోట ఉన్న సుంకపు చావడి దక్షిణపు కొస స్తంభానికి సరిగ్గా 25 మీటర్ల దూరంలో పోవాలి, చావడి గ్వాటెమాలా వైపు ఉండేట్టుగా. తర్వాత ఆ పలక అట్లాగే సాగి బ్వేనవిస్తా, ఇష్బుల్ కొండల మీదుగా పోయే ఇంకో పలకను తాకేదాకా అదే సరిహద్దు.

చావడి ఎటు ఉండాలో రాశారు. దాని స్తంభానికి ఎన్ని మీటర్లో రాశారు. ఆ చావడి దాటి రోజూ అటూ ఇటూ నడిచే మామ్‌ల పేరు ఆ ఒప్పందంలో లేదు.

నిజం చెప్పాలంటే మనుషుల గురించి ఒక అధికరణం ఉంది, కానీ అది ‘ఇరు పక్షాల జాతీయులు’ అనే మాటతో సరిపెట్టుకుంది. గీత వల్ల అవతలి దేశంలో పడినవాళ్లు ఉన్నచోటే ఉండొచ్చు, లేదా వెళ్లిపోవచ్చు. ఉండేవాళ్లు పాత పౌరసత్వమే ఉంచుకోవచ్చు, లేదా కొత్తది తీసుకోవచ్చు. ఏదో ఒకటి ఒక ఏడాదిలోగా చెప్పాలి. చెప్పకుండా ఉండిపోతే కొత్త దేశం మనుషులుగా లెక్క. కాగితం మీద న్యాయంగానే ఉంది. కానీ గొర్రెలు కాసుకునే మనిషికి, స్పానిష్ చదవడం రాని మనిషికి, తను ఏ దేశస్థుడో ఏడాదిలోగా ఏ ఆఫీసుకు పోయి చెప్పాలో ఎవరు చెబుతారు? పైగా గీత నేల మీద ఎక్కడుందో కొలిచి తేల్చడానికే ఇంకా చాలా ఏళ్లు పట్టింది. సర్వే బృందాల మధ్య గొడవలు 1890ల దాకా సాగి, 1895 ఏప్రిల్‌లో ఇంకో ఒప్పందంతోగానీ చల్లారలేదు.

గీత ఖాయమయ్యాక డబ్బు వచ్చింది. సొకొనుస్కో ఇక మెక్సికోదే అని తేలడంతో పెట్టుబడిదారులకు ధైర్యం వచ్చింది. గ్వాటెమాలాలో అప్పటికే కాఫీ పండిస్తున్న జర్మన్లు ఇటు దాటి తోటలు కొన్నారు. ఆ తోటల పేర్లు హాంబుర్గో, ఇర్లాందా, అర్గోవియా. మామ్ నేల మీద యూరప్ పేర్లు. వాటిలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. కూలీలు ఎక్కడి నుంచి? కొండల పైనుంచే. గ్వాటెమాలా చాకిరీ తప్పించుకుందామని, ఇటు భూమి దొరుకుతుందని మామ్‌లు గీత దాటి మెక్సికో వైపు వచ్చారు. వచ్చి మెక్సికో తోటల్లో అప్పుల్లో పడ్డారు. అక్కడి పద్ధతి పేరు ‘ఎంగాంచె’, అంటే కొక్కేనికి తగిలించడం. మేస్త్రీ ఊరికి వచ్చి చేతిలో బయానా పెడతాడు. ఆ బయానా తీరేదాకా తోటలో పని. తోట కొట్లో సరుకు అప్పు మీద, కాబట్టి తీరదు. బర్మాకూ సిలోనుకూ మనవాళ్లను మేస్త్రీలు, కంగాణీలు ఎట్లా తీసుకుపోయారో ఈ పేజీలో ఇదివరకే మాట్లాడుకున్నాం. పేరు మారింది, కొక్కెం అదే.

ఆ తోటల్లో ఒక రోగం కూడా పుట్టుకొచ్చింది. వాగుల దగ్గర పెరిగే చిన్న నల్ల ఈగ కుట్టడం వల్ల వస్తుంది, చర్మం పాడై చివరికి చూపు పోతుంది. 1915లో గ్వాటెమాలా వైద్యుడు రొదోల్ఫో రోబ్లెస్ అక్కడి కాఫీ తోటల కూలీల్లో దీన్ని గుర్తించాడు. ఒక్క శతాబ్దం తర్వాత 2015లో మెక్సికో, 2016లో గ్వాటెమాలా ఈ రోగం నుంచి బయటపడినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఈగకు గీత తెలియదు కాబట్టి రెండు దేశాలూ పని చెయ్యాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి, 1930లు. మెక్సికోలో విప్లవం అయిపోయింది. దేశమంతా ఒకే జాతి, ఒకే భాష, ఒకే బడి అనే ఆలోచన బలంగా ఉన్న రోజులు. చియాపస్ గవర్నరు విక్తోరికో గ్రహాలెస్. సరిహద్దు దగ్గర ఉన్న మామ్‌లు ఆ ప్రభుత్వానికి రెండు రకాలుగా కంట్లో నలుసు. ఒకటి, స్పానిష్ మాట్లాడని ‘వెనకబడిన’ జనం. రెండు, గ్వాటెమాలా వాళ్లలాగా ఉన్నారు. అదే భాష, అదే బట్ట. కాబట్టి వీళ్లు మన దేశస్థులేనా?

1934లో బడిపిల్లల దుస్తులు మార్పించడానికి ప్రభుత్వం ఒక కమిటీనే వేసింది. ఆదివాసుల బట్ట తీసేసి ప్యాంటూ గౌనూ తొడిగిస్తే నాగరికులవుతారని లెక్క. బడిలో మామ్ మాట్లాడకూడదు, మాట్లాడితే శిక్ష. ఈ కాలాన్ని చియాపస్ మామ్ పెద్దవాళ్లు ‘ప్రభుత్వపు చట్టం’ వచ్చిన రోజులని చెప్పుకుంటారు. రోసాల్వా ఐదా హెర్నాండెస్ కాస్తీయో అనే మానవశాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఆ ఊళ్లలో తిరిగి ఈ జ్ఞాపకాలను సేకరించారు. ఆమె పుస్తకం 2001లో వచ్చింది. అందులో పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ చెప్పేది ఒక్కటే, బట్టలు కాల్చేశారని. ఆడవాళ్లు తాము నేసి కట్టుకున్న బట్టలను విప్పించి, నలుగురూ చూస్తుండగా నిప్పు పెట్టారని.

షోలాపూరులో, సేలంలో మగ్గం మీద బతికిన కుటుంబాలు మన సంఘంలో ఉన్నాయి. వాళ్లకు ఇది వివరించక్కర్లేదు. మాయా ఆడవాళ్ల మగ్గానికి ఒక కొస చెట్టుకో గుంజకో కట్టి, ఇంకో కొస నడుముకు కట్టుకుంటారు. నేసే మనిషి వెనక్కి వాలితేనే పడుగు బిగుస్తుంది. ఒక్క రవికె బట్ట నేయడానికి నెలలు పడుతుంది. ఏ ఊరి ఆడమనిషో ఆ నేత చూసి చెప్పొచ్చు. కాలిపోయింది గుడ్డ మాత్రమే కాదు. తన ఊరు ఏదో చెప్పే కాగితం కూడా అదే వాళ్లకు.

ఇక్కడ ఒక ముడి ఉంది, దాన్ని మనం దాటేసి పోకూడదు. ఆ రోజుల్లో కొరడా ఒక్కటే లేదు, ఆశ కూడా ఉంది. 1934 నుంచి అధ్యక్షుడైన లాసరో కార్దెనాస్ పెద్ద ఎత్తున భూములు పంచాడు. 1939 నాటికి సొకొనుస్కో కాఫీ తోటల భూములు కూడా కూలీల ఉమ్మడి హక్కులోకి వచ్చాయి. మూడు తరాలుగా బయానా కొక్కేనికి వేలాడిన మనిషికి సొంత కాఫీ చెట్లు! ఎంత పెద్ద మాట అది. అయితే భూమి కావాలంటే మెక్సికో పౌరుడై ఉండాలి. పౌరుడినని చూపించాలి. నోరు తెరిస్తే మామ్ వస్తే, గుమాస్తా అడిగే మొదటి ప్రశ్న, నువ్వు గ్వాటెమాలా వాడివి కాదా అని. అప్పుడు ఆ తండ్రి ఏం చేస్తాడు? పిల్లలతో ఇంట్లో కూడా స్పానిష్‌లోనే మాట్లాడదామని నిర్ణయించుకుంటాడు. బట్టలు కాల్చింది ప్రభుత్వం. భాషను ఇంట్లోంచి బయటికి పంపింది, పిల్లలకు భూమి దక్కాలని కోరుకున్న తండ్రులు, తల్లులు. వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదని మా అభిప్రాయం.

మన గీతల సంగతి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లు అటు పడ్డారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజే బళ్లారి మైసూరుకు పోయింది. 1954లో యానాం ఫ్రెంచి వాళ్ల నుంచి బయటపడి పాండిచ్చేరితోనే ఉండిపోయింది. 1960లో తిరుత్తణి మద్రాసుకు. హొసూరు, కృష్ణగిరి ముందు నుంచీ అక్కడే. మనల్ని ఎవరూ ఏడాదిలోగా దేశం తేల్చుకోమనలేదు. మన బట్టలు ఎవరూ కాల్చలేదు. మన గీతల మీద పాస్‌పోర్టు అడిగే చావడి లేదు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ చెయ్యాలని. కాబట్టి మామ్‌ల కష్టమూ మనదీ ఒకటే అంటే అది అబద్ధం, అతిశయం. కానీ ఒక ప్రశ్న మాత్రం ఒకటే. నాలుగు వందల ఏళ్లుగా ఉన్న ఊళ్లోనే ‘మీరు ఎప్పుడొచ్చారిక్కడికి?’ అని అడిగించుకోవడం. గీత వచ్చిందే నిన్న, మనం వచ్చింది గీత కంటే ముందు అని ఎన్నిసార్లు చెప్పాలి? ఇంకోటి కూడా ఒకటే. కాల్చకపోయినా, కొట్టకపోయినా, ఉద్యోగం కోసమూ సీటు కోసమూ ఇంట్లో భాష మారడం. ఆ లెక్కలో మనం మామ్ తండ్రుల పక్కనే నిలబడి ఉన్నాం.

తిరిగి కొండ దగ్గరికి వద్దాం. ఆ జనానికి రాజులతోనే కాదు, నిప్పుతోనూ పని. 1902 అక్టోబరులో గ్వాటెమాలాలోని సాంతా మరియా అగ్నిపర్వతం పేలింది. 20వ శతాబ్దపు అతిపెద్ద పేలుళ్లలో అదొకటి. బూడిద సరిహద్దు దాటి సొకొనుస్కో కాఫీ తోటల మీద పడింది. అప్పటి గ్వాటెమాలా అధ్యక్షుడు ఎస్త్రాదా కబ్రేరా ఏదో పండుగ పనిలో ఉన్నాడట. పేలింది మన కొండ కాదు, మెక్సికోలోది అని అధికారులు బజార్లో చాటింపు వేయించారనీ, ఆ చాటింపు చదవడానికి పట్టపగలే లాంతరు పట్టుకోవాల్సి వచ్చిందనీ ఒక కథ చెప్పుకుంటారు. కథే కావచ్చు, కానీ సరిహద్దు ఎందుకు పనికొస్తుందో అది బాగానే చెబుతుంది.

1982లో చియాపస్‌లోనే, ఉత్తరాన, ఎల్ చిచోన్ పేలింది. మార్చి 28న మొదటి పేలుడు. కొందరు ఊళ్లు వదిలారు, కొందరు తిరిగి వచ్చారు. ఏప్రిల్ 3, 4 తేదీల్లో మళ్లీ పేలింది. మొత్తం మీద సుమారు 2,000 మంది చనిపోయారు. ఎక్కువమంది సోకె ఆదివాసులు. ఆ గాయం పచ్చిగా ఉండగానే 1985 చివర్లో తకానా చుట్టూ భూమి అదరడం మొదలైంది. 1986 మే 8న కొండ వాయవ్య వాలులో ఆవిరి పేలుడు జరిగి చిన్న బిలం పడింది. తెల్లటి ఆవిరి స్తంభంలా లేచింది. లావా రాలేదు, పెద్ద పేలుడుగా మారలేదు. కానీ ఆ వారాల్లో ఆ వాలు మీద నిద్రపోయినవాళ్ల సంగతి మనం ఊహించుకోగలం. ఇప్పుడు మెక్సికో వైపు సెనాప్రెద్, గ్వాటెమాలా వైపు ఇన్సివుమే అనే సంస్థలు ఆ కొండను గమనిస్తున్నాయి. 1882లో గాజు పలక నిలబెట్టి శిఖరాన్ని రెండుగా కోశారు. కింద ఉన్న నిప్పు మాత్రం రెండుగా కాలేదు. ఒక దేశం యంత్రాలు పసిగట్టింది ఇంకో దేశానికి చెప్పాలి, అక్కడి వాళ్లు వాలు మీది ఊళ్లకు చెప్పాలి. ఏ భాషలో చెప్పాలి అన్నప్పుడు, 1934లో బడిలో నిషేధించిన ఆ భాషే మళ్లీ అవసరం పడుతుంది.

1986కు ముందు ఇంకోటి జరిగింది. 1981, 82లలో గ్వాటెమాలా సైన్యం మాయా ఊళ్లను తగలబెడుతుంటే వేల కుటుంబాలు గీత దాటి చియాపస్‌లోకి వచ్చాయి. శరణార్థులుగా గుర్తింపు పొందినవాళ్లే 40 వేలకు పైన. 1984 నుంచి మెక్సికో ప్రభుత్వం వాళ్లలో చాలామందిని దూరాన ఉన్న కంపెచె, కింతానా రో రాష్ట్రాలకు తరలించింది. గుర్తింపు దొరకనివాళ్లు కాఫీ తోటల్లో కలిసిపోయారు. వాళ్లలో మామ్ మాట్లాడేవాళ్లూ ఉన్నారు. 1930ల్లో నోరు మూసుకున్న ముసలివాళ్లు బతికి ఉన్న ఊళ్లలోకి, అదే మాట మాట్లాడే కొత్తవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్లకూ అదే భయం, నోరు తెరిస్తే పట్టుకుని వెనక్కి పంపుతారని.

భాష మొత్తంగా పోలేదు. పోకపోవడానికి కారణాలు చిత్రమైనవి. కొండల్లోని ప్రెస్బిటేరియన్ చర్చిల్లో మామ్‌లో ప్రార్థన చేసుకోనిచ్చారు. బడి తరిమేసిన భాషకు చర్చిలో ఒక మూల దొరికింది. 1980ల్లో సియెర్రా కొండల ఆదివాసులు సహకార సంఘం పెట్టుకుని, రసాయనాలు లేని కాఫీ పండించి, నేరుగా విదేశాలకు అమ్మడం మొదలుపెట్టారు. కాఫీ సంచి మీద ‘ఆదివాసుల పంట’ అని రాస్తే యూరప్‌లో గిరాకీ. ఒకప్పుడు దాచుకున్న పేరే ఇప్పుడు సంచి మీద అచ్చు. ఇందులో కాస్త వ్యాపారం ఉందని మనకు అనిపిస్తుంది, ఉంటే ఉండనీ. 1987లో లాస్ మర్గరితాస్ ఊళ్లో మొదలైన ప్రభుత్వ రేడియో మిగతా మాయా భాషలతో పాటు మామ్‌లో కూడా కార్యక్రమాలు ఇచ్చింది.

2003లో ఒక వింత జరిగింది. ఆ ఏడాది మెక్సికో ఆదివాసుల భాషా హక్కుల చట్టం చేసింది. అదే ఏడాది గ్వాటెమాలా జాతీయ భాషల చట్టం చేసింది. తకానా మెక్సికో వైపు వాలును జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిందీ ఆ ఏడాదే. 2006లో యునెస్కో జాబితాలో చేరింది. 121 ఏళ్ల తర్వాత కొండా, భాషా, రెండూ ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కాయి.

మెక్సికో లెక్కల గురించి ఒక్క మాట. చాలా ఏళ్ల పాటు అక్కడి జనగణనలో ఆదివాసీ అంటే ఆదివాసీ భాష మాట్లాడే మనిషి. ఒక్కటే కొలత. కొట్టి భాష మాన్పించి, తర్వాత భాష రాదు కాబట్టి నువ్వు మామ్ కాదు అన్నట్టు. 2000 నుంచి ఇంకో ప్రశ్న చేర్చారు, ‘మీరు మిమ్మల్ని ఆదివాసులుగా భావిస్తారా’ అని. తాత మాట్లాడిన మాట తనకు రాని మనిషి కూడా ఆ గడిలో అవును అని రాయొచ్చు ఇప్పుడు.

మన జనగణనలో మాతృభాష గడి ఎప్పటి నుంచో ఉంది. బళ్లారి, హొసూరు, తిరుత్తణి, బరంపురం, యానాం వైపు సభ్యులకు ఒక మనవి. 1936లో గానీ, 1953లో గానీ, 56లో గానీ, 60లో గానీ గీతలు గీసిన రోజుల సంగతులు మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పి ఉంటే రాసి పంపండి. ఎవరు వచ్చి ఏ భాష అని అడిగారు, ఇంట్లోవాళ్లు ఏమని చెప్పారు, ఎందుకట్లా చెప్పారు. పేర్లు వద్దు, ఊరూ ఏడాదీ చాలు. వచ్చే నెల వాటినే ఇక్కడ పెడదాం.